ఒక కాలికి మేజోడు, ఒకటి ఉత్తకాలు

పోయిన నెల ఈ పేజీలో, చెన్నై వెళ్ళి చూసొచ్చిన ఒక జపాను నాట్యం గురించి నాలుగు ముక్కలు రాశాను. అది చదవని వాళ్ళ కోసం మళ్ళీ చెబుతాను. వేదిక మీద ఒకే ఒక మనిషి, నలభై దాటిన ఆడమనిషి, గంటా పది నిమిషాలు. ఒంటి నిండా తెల్లరంగు. కుడికాలికి బొటనవేలు విడిగా కుట్టిన తెల్ల మేజోడు, ఎడమది ఉత్తకాలు. జపాను పాత నాటకం కబుకి నుంచి కొంత, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడే పుట్టిన బుతో నుంచి కొంత, పడమటి దేశాల డాన్సు నుంచి కొంత తీసుకుని తనే కూర్చుకున్న నాట్యం. చూసి రాత్రి బస్సెక్కితే నెల్లూరు వచ్చిందాకా నిద్ర పట్టలేదని రాశాను. సీట్లు బాగాలేక పట్టలేదేమో అని మా ఇంట్లో వాళ్ళు అన్నారు, అది వేరే సంగతి.

ఉత్తరాలు మాత్రం చాలా వచ్చాయి. అందులో సగం తిట్లు. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగితే ఒకటే వేశాను, పేర్లు ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: అమ్మా, మీ పేజీ మొదట్నుంచీ చదువుతున్నవాణ్ణి కాబట్టి చనువుగా అడుగుతున్నాను. కబుకి నాలుగు వందల ఏళ్ళ నాటిదని మీరే రాశారు. బుతో నిన్నగాక మొన్నటిది. దానిపైన పాశ్చాత్య నృత్యం తాలింపు. పులిహోరలో పాయసం పోసి కలిపినట్టు కాదా? రేపు మన కూచిపూడిని ఎవరైనా ఇట్లాగే చేస్తే మీరు మెచ్చుకుంటూ రాస్తారా?
– రిటైరైన తెలుగు పండితుడు, కావలి

జవాబు: మాష్టారూ, పులిహోర మాట బాగుంది. హాల్లోకి వెళ్ళేముందు నాకూ అదే అనుమానం. చేతిలో పెట్టిన కరపత్రంలో మూడు పేర్లూ వరసగా చూసి, ఇదేదో స్కూలు వార్షికోత్సవంలో పాటకో ముక్క కత్తిరించి అతికించినట్టు ఉంటుందేమో అనుకున్నాను.

కానీ ఈ మూడూ ఒకదానికొకటి ముక్కూమొహం తెలియనివి కావండీ. బుతోకి మూలపురుషులు ఇద్దరు, తత్సుమి హిజికాతా, కజువో ఓనో. ఇద్దరూ మొదట నేర్చుకున్నది జర్మనీ నుంచి వచ్చిన కొత్తరకం నాట్యమే. జర్మనీలో మేరీ విగ్మన్ అని ఒకావిడ ఉండేది, 1926లో మొహానికి మాస్కు పెట్టుకుని, నేల మీద చతికిలబడి మంత్రగత్తె నాట్యం చేసిన మనిషి. ఆవిడ దగ్గర నేర్చుకుని జపాను తిరిగొచ్చిన తకాయా ఎగుచి దంపతుల దగ్గర ఓనో చదువుకున్నాడు. అంటే బుతోకి పడమటి డాన్సు పిన్నో పెద్దమ్మో అవుతుంది, బయటిది కాదు. ఇక కబుకి అంటారా, 1900లోనే సదా యక్కో అనే నటి ఆ నాటకాల్లోని ఘట్టాలు పట్టుకెళ్ళి పారిస్ ఎగ్జిబిషన్‌లో, లోయీ ఫుల్లర్ అనే అమెరికన్ డాన్సరు థియేటర్లో ఆడింది. చచ్చిపోయే ఘట్టాలకి ఆమె పెట్టింది పేరు. అమెరికాలో మోడరన్ డాన్సుకి దారి వేసిన రూత్ సెయింట్ డెనిస్ ఆమెని చూసి ఎంత కదిలిపోయిందో తనే రాసుకుంది. ఈ రాకపోకలకి నూట పాతికేళ్ళు.

కూచిపూడి సంగతి కూడా మీరే ఎత్తారు కాబట్టి. మేళాలు కట్టుకుని ఊరూరూ తిరుగుతూ మగవాళ్ళే అన్ని వేషాలూ కట్టిన ఆట అది. ఒక్కరే నిలబడి చేసే అంశాలు కూర్చి, ఆడపిల్లలకి కూడా నేర్పి వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు దారి మార్చింది పోయిన శతాబ్దంలోనే. వెంపటి చినసత్యం గారు మద్రాసులో అకాడమీ పెట్టింది 1963లో. మనం ఇవాళ సంప్రదాయం అని కళ్ళకద్దుకునే ఒంటరి కూచిపూడికి నూరేళ్ళు నిండాయో లేదో. అప్పుడూ ఎవరో ఒకరు పాయసం, పులిహోర అనే ఉంటారు.

అయినా మీ భయం ఉత్తిది కాదు. కలిపినవన్నీ బాగుండవు, చాలావరకు బాగుండవు. నేనైతే పాదాలు చూస్తాను. ఈమె మొదటి పావుగంటలో వేదిక మూల నుంచి మధ్యకి వచ్చింది, అంతే. మేజోడు ఉన్న కాలు కబుకి పద్ధతిలో, మడమ లేవకుండా, నేల తుడుస్తున్నట్టు జారుతుంది. ఉత్తకాలు వేళ్ళు లోపలికి ముడుచుకుని, పాదం బయటి అంచు మీదకి ఒరిగి, లాక్కుంటే తప్ప రాదు. అది జానెడు జరిగితే ఇది నాలుగు వేళ్ళు. ఒకే నడుము కింద రెండు నడకలు, నడుము మాత్రం ఊగదు. నా పక్కసీటాయన అప్పటిదాకా మోకాలు ఊపుతున్నవాడు ఎప్పుడో ఆపేశాడు. తర్వాత చాలాసేపటికి ఆమె ఉన్నట్టుండి పొట్ట లోపలికి పీల్చి, వెన్ను విల్లులా వంచి, దబ్బున పడి, ఆ పడిన ఊపుతోనే లేచింది. పొట్ట దగ్గర మొదలయ్యే ఆ కదలిక అమెరికాలో మార్తా గ్రాహం గట్టిపరిచిన పద్ధతి. లేచి రెండడుగులు వేసింది. మేజోడు కాలికే ఉంది, కానీ ఆ రెండడుగుల్లో ఏది మేజోడు కాలో ఏది ఉత్తకాలో తెలియలేదు. నాకు నిద్ర పట్టనిది అక్కడ.

మూడు నాట్యాలు ఒకదాని తర్వాత ఒకటి చేస్తే మీరన్న పులిహోర, పాయసం. మూడూ ఒకే నడుములో పోట్లాడుకుంటే దాన్నేమనాలో నాకు వంటింట్లో మాట దొరకలేదు.

ప్రశ్న: కబుకి మగవాళ్ళ కళ అని రాసేశారు. మొదలుపెట్టింది ఆడమనిషి కదా మేడం, సరిచూసుకోండి.
– డిగ్రీ విద్యార్థిని, మాగుంట లేఔట్, నెల్లూరు

జవాబు: తప్పు నాదేనమ్మా. ఇప్పటి సంగతి మనసులో పెట్టుకుని మొత్తానికి రాసేశాను.

1603 ప్రాంతంలో క్యోటోలో కామో నది ఇసుకలో ఆట మొదలుపెట్టింది ఓకుని అనే ఆమె. ఇజుమో గుడి మనిషినని చెప్పుకునేది, మగవేషం కట్టి నడుముకి కత్తి పెట్టుకుని ఆడేది. నది ఇసుకలో అంటే మన పెన్నలో ఎండాకాలం నీళ్ళు తీశాక డేరా వేసి ఆడినట్టనుకో. జనం విరగబడ్డారు, గొడవలూ ఎక్కువయ్యాయి, 1629లో ఆడవాళ్ళు వేదిక ఎక్కకూడదని అక్కడి ప్రభుత్వం నిషేధం పెట్టింది. కుర్రవాళ్ళు ఆడారు, 1652లో వాళ్ళనీ ఆపేశారు. మిగిలింది ఈడొచ్చిన మగవాళ్ళు. అట్లా పుట్టిందే ఒన్నగాతా, అంటే ఆడవేషం కట్టడమే జీవితంగా పెట్టుకున్న నటుడు. మనకిది కొత్తేం కాదు. బాపట్ల స్థానం నరసింహారావు గారు చీర కట్టుకుని రంగస్థలం మీదకి వస్తే ఆడవాళ్ళు ఆ చీర కట్టు చూసి నేర్చుకునేవాళ్ళని మా అమ్మమ్మ చెప్పేది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ సంగతి సరేసరి, తెర మీదుగా జడ ఇవతలికి పడిందంటే చాలు, మనిషి కనపడకముందే హాలు లేచేది.

నువ్వు గుర్తుచేశాక ఆ నాట్యంలో ఇంకోటి తట్టింది. ఒన్నగాతా నటుడు భుజాలు చిన్నవిగా కనపడాలని రెక్కల ఎముకలు వెనక్కి దగ్గరగా లాగి కిందికి దించుతాడు. మోకాళ్ళు విడిపోకుండా మధ్యలో కాగితం పెట్టుకుని నడక సాధన చేస్తాడు. చెన్నైలో చూసినామె అచ్చం అట్లా నడిచింది. అంటే ఒక ఆడమనిషి, మగవాళ్ళు మూడున్నర శతాబ్దాలుగా ఊహించుకున్న ఆడమనిషిలాగా నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ ఒకచోట భుజాలు వదిలేసింది. ఏమీ చేయలేదు, వదిలేసింది, అంతే. అవి తన మామూలు వెడల్పుకి వచ్చేసరికి మనిషి ఒక్కసారి పెద్దదైపోయింది.

ప్రశ్న: ఒళ్ళంతా సున్నం కొట్టినట్టు ఆ తెల్లరంగు ఎందుకండీ? ఫోటో చూసి మా చిన్నాడు జడుసుకున్నాడు.
– గృహిణి, కందుకూరు

జవాబు: అందులో రెండు తెలుపులున్నాయి. కబుకిలో మొహానికీ మెడకీ పూసే తెలుపుని ఒషిరోయ్ అంటారు. కొవ్వొత్తుల వెలుగులో ఆడిన రోజుల్లో మొహం దూరానికి కూడా ఆనాలంటే అదే దారి. తళతళలాడుతూ, నున్నగా, గీత చెదరకుండా ఉండాలి. బుతో తెలుపు దానికి ఎదురు. ఈ మనిషి ఎవరు, ఎంత వయసు, ఆడా మగా అనే గుర్తులన్నీ తుడిపేయడానికి పూస్తారు. చెమట పట్టేకొద్దీ పగుళ్ళిస్తుంది, మోచేతి మడతల్లో ఊడి నేల మీద రాలుతుంది, ఎవరూ తుడవరు. చెన్నైలో ఆఖరుకి వచ్చేసరికి ఆమె వీపు మీద పాతగోడ లాగా పెచ్చులు లేచాయి. లోపలి చామనఛాయ అక్కడక్కడా కనిపించింది.

మా తాతగారి ఊళ్ళో, బుచ్చిరెడ్డిపాళెం దగ్గర, నాటకం రోజు సాయంత్రం పాత్రధారులు అర్దళం నూరుకునేవాళ్ళు. పెట్రోమాక్సు వెలుగులో మొహం బంగారులాగా మెరవాలని ఆ పసుపుపచ్చ రాయి. చంద్రమతి వేషం కట్టే ఆయన, పగలంతా మా వీధిలో కట్టెల అడితి నడిపేవాడు, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చుంటే ఇంకొకాయన మునివేళ్ళతో అద్దేవాడు. ఆరిందాకా నవ్వకూడదు. మేం పిల్లలం సరిగ్గా అప్పుడే పోయి నవ్వించేవాళ్ళం. అర్దళం పాషాణం జాతి అని పెద్దయ్యాక తెలిసింది. జపానువాళ్ళ పాత తెల్లపొడిలో సీసం ఉండేది. అందం కోసం అక్కడివాళ్ళు సీసం పూసుకున్నారు, మనవాళ్ళు పాషాణం పూసుకున్నారు. ఇప్పుడు రెండుచోట్లా అవి పోయాయి, మీ చిన్నాడికి చెప్పండి.

ప్రశ్న: మీ వ్యాసం చదివి ఫోన్లో బుతో వీడియోలు చూశాను. మా అమ్మ పక్కనుంచి తొంగిచూసి, "ఇదేందే, పూనకం వచ్చినట్టుండాది" అంది. నిజంగానే కళ్ళు పైకి తేలేసి, వంకర్లు తిరిగి... అది వాళ్ళ పోలేరమ్మ జాతర లాంటిదా?
– ఆత్మకూరు పాఠకురాలు

జవాబు: మీ అమ్మగారికి నా నమస్కారం. చూడగానే అందరికీ వచ్చే మాట అదే. కానీ హిజికాతా ఈ విషయం తేల్చేసి పోయాడు. 1985లో ఒక ఉపన్యాసంలో, తన నాట్యానికి గుళ్ళతో పనిలేదని, అది బురదలో పుట్టిందని చెప్పాడు.

బురద అంటే మాటవరసకి అన్నది కాదు. ఆయన పుట్టింది 1928లో, జపానుకి ఉత్తరాన అకితాలో, మంచు విపరీతంగా కురిసే వరిపొలాల సీమ. అక్కడ పొలం పనికి వెళ్ళేవాళ్ళు పసిబిడ్డల్ని గడ్డితో అల్లిన బుట్టల్లో కూర్చోబెట్టి గట్టున పెట్టేవాళ్ళట. పొద్దస్తమానం మడిచిన కాళ్ళు సాయంత్రం బయటికి తీస్తే నిలబడవు. ఆ నిలబడని కాళ్ళు తనకి గురువులన్నట్టు మాట్లాడాడు. పడమటి బాలేలో మోకాళ్ళు బయటికి తిప్పి, వేళ్ళ మీద లేచి, ఆకాశంలోకి పోవాలని చూస్తారు. ఈయన దొడ్డికాళ్ళు వేసి, నడుము దించి, నేలలోకి పోయాడు. చనిపోయే ముందు ఏడాది చేయించిన వరుస ప్రదర్శనలకి తన సీమ పేరు కలిపి తోహోకు కబుకి అని పెట్టుకున్నాడు. నగరాల్లో పట్టుబట్టల కబుకి మీకుంటే మా పొలాల కబుకి మాకుంది అన్నట్టు నాకు వినిపిస్తుంది.

ఇది చదివాక నేను పనిగట్టుకుని ఇందుకూరుపేట వైపు నాట్లు చూడటానికి పోయాను, నవ్వుకోండి. చిన్నప్పట్నుంచీ బస్సు కిటికీలోంచి చూస్తున్నదే, పాదాలు ఎప్పుడూ చూడలేదు. గెనిమ మీద కూర్చుని చూశాను. పదిమంది ఆడవాళ్ళు వరసగా వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ నాటుతున్నారు. దమ్ము చేసిన కయ్యలో కాలు పిక్క దాకా దిగుతుంది. పైకి లాగేటప్పుడు ముందు మడమ వదులవుతుంది, తర్వాత పాదం పక్కకి ఒరుగుతుంది, అప్పుడు బురద చప్ మని గాలి పీల్చి కాలిని వదిలిపెడుతుంది. నడుము పైన మాత్రం ఏమీ జరగనట్టే ఉంటుంది, చేతులు నారు పెడుతూనే ఉంటాయి. ఒకామె నన్ను చూసి, "ఏందమ్మా కాళ్ళకల్లా చూస్తన్నావు, పట్టీలేమన్నా పడిపోయినాయా" అంది. వేదిక మీద ఆ ఉత్తకాలు కదిలింది ఇట్లాగే.

పూనకంలో మనిషి తన చేతిలో ఉండదు, మేలుకున్నాక గుర్తుండదు. బుతోలో ప్రతి వేలూ లెక్క. హిజికాతా తన శిష్యులకి అడుగులు కాదు, మాటలు ఇచ్చేవాడు. కుడిచెయ్యి మీద ఒక పురుగు పాకుతోంది, మెడ మీద ఇంకోటి, పిక్క మీద ఇంకోటి, ఇట్లా పెంచుకుంటూ పోయి ఒళ్ళంతా పురుగులు. అన్నిటినీ ఒకేసారి నిజంగా పట్టించుకుంటే శరీరం దానంతటదే అట్లా మెలిపడుతుంది. మీ అమ్మగారికి వంకర కనిపించింది, లోపల ఆ మనిషి లెక్కపెట్టుకుంటూ ఉంది.

ప్రశ్న: మా పాపకి పదహారు. తొమ్మిదేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది. మీరు రాసింది చదివి కాలేజీ ఫంక్షన్లో తను కూడా ఇట్లా కలిపి ఒంటరిగా చేస్తానంటోంది. విషయం తెలిసి వాళ్ళ గురువుగారు మండిపడ్డారు, క్లాసుకి రావద్దన్నారు. పాప ఏడుపు. ఇంట్లో అందరికీ టెన్షన్. నిప్పు పెట్టింది మీరే కాబట్టి మీరే చెప్పండి.
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, నిప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. ముందు గురువుగారి కోపం గురించి. ఆయన సంప్రదాయం కోసమే కోప్పడ్డారని అనుకోకండి. తొమ్మిదేళ్ళు మోకాళ్ళు పక్కలకి వంచి అరమండి పెట్టిన పిల్లకి మోకాలు, పాదం ఒకే వైపు చూడటం ఇప్పుడిప్పుడే ఒంటికి పడుతుంది. ఈ వయసులో వీడియో చూసి పాదాలు లోపలికి తిప్పి బరువు బయటి అంచు మీద వేస్తే ముందు పోయేది చీలమండ, తర్వాత మోకాలు. అది ఆయనకి తెలుసు, చెప్పడం చేతకాక అరిచారు. మా గురువుగారూ అంతే. నేను పదమూడేళ్ళప్పుడు ఒక సినిమా స్టెప్పు వేశానని నెలరోజులు తాళం చెక్క నా వైపు చూపిస్తూ మాట్లాడారు.

హిజికాతా 1959లో మొదటి బుతో చేసేనాటికి ఆయనకి ముప్పై ఒకటి. వేదిక మీద చీకటి, ఆయన, ఒక కుర్రవాడు, ఒక బతికున్న కోడి, అంతే. పెద్ద గొడవైంది, అక్కడి నాట్య సంఘానికీ ఆయనకీ చెడింది. కానీ ఆ రోజుకి ఆయన చెరిపేయడానికి నేర్చుకున్నదంటూ ఒకటుంది. మీ పాపకి కూడా ఉంది, కూచిపూడి. దాన్ని వదిలి జపాను వేషం కట్టడం ఎందుకు? తెల్లరంగు వద్దు, కిమోనో అసలే వద్దు, ఆన్‌లైన్లో దొరికే ఆ నైలాను కిమోనో నైటీలాగా ఉంటుంది. తనకి వచ్చిన ప్రవేశ దరువులో, అదే పాత్ర వేదిక మీదకి వచ్చేటప్పటి పాటలో, ఒక్క నడక తీసుకోమనండి. పది సెకన్లలో అయ్యే నడకని మూడు నిమిషాల్లో నడవమనండి. నడుము ఎక్కడ వణుకుతుందో, చూపు ఎక్కడ చెదురుతుందో తనకే తెలుస్తుంది. జడ ఎప్పుడు ముందుకి వేసుకోవాలి, వేసుకునేటప్పుడు చెయ్యి ఎవరిది, సత్యభామదా, ఆ వేషం కట్టిన పాత మగనటుడిదా, తనదా? ఈ ఒక్క ప్రశ్న చాలు, ఆర్నెల్లు పడుతుంది. బుతో అనే మాట ఎక్కడా వాడొద్దు, అనౌన్స్‌మెంటులో కూడా.

ఇంకోటి, కాలేజీ ఫంక్షన్లో మూడు నిమిషాలు దాటితే ఈలలు మొదలవుతాయి, అందుకు సిద్ధపడి వెళ్ళమనండి, లేకపోతే ఇంట్లో పదిమందిని కూర్చోబెట్టి చేయమనండి. చేసేముందు మాత్రం గురువుగారికి చూపించాలి. మీరు తోడు వెళ్ళండి, పాపని ఒక్కదాన్నే పంపకండి. క్షమాపణ అని మొదలుపెట్టొద్దు. నిదానంగా నడుస్తుంటే నా మోకాలు ఎక్కడో తప్పుతోంది, చూడండి గురువుగారూ అని అడగమనండి. తొమ్మిదేళ్ళు నేర్పిన మనిషి ఆ మాటకి లేచి రాకుండా ఉండలేరు.

ప్రశ్న: మేడం, నేను వెస్టర్న్, అందులోనూ హిప్‌హాప్ చేస్తాను. కబుకి మేకప్ వేసుకుని, కళ్ళు మెల్ల చేసి ఫ్రీజ్ అయ్యే పోజుతో ఒక సోలో ప్లాన్ చేస్తున్నా. ఎర్ర గీతలు పెట్టాలా, నీలం గీతలా? ఏది బాగుంటుంది?
– డాన్సర్, సింగరాయకొండ

జవాబు: తమ్ముడూ, చీరకి మ్యాచింగ్ జాకెట్టు అడిగినట్టు అడిగావు. ఆ గీతల్ని కుమదోరి అంటారు. ఎరుపు గీతలు ధైర్యం, న్యాయమైన కోపం ఉన్న వీరుడికి. నీలం గీతలు దుర్మార్గుడికి, పగబట్టిన ఆత్మలకి. గోధుమరంగు రాక్షసులకి. అంటే నీ సోలోలో నువ్వెవరో ముందు తేల్చుకుంటే రంగు తేలుతుంది. గీతలు కూడా ఇష్టమొచ్చినట్టు గీసేవి కావు, కోపం వస్తే మొహంలో ఏ కండ పొంగుతుందో దాని వెంబడే పోతాయి. ఎవరి మొహానివి వాళ్ళవే. ఆట అయ్యాక ఆ మొహానికి పట్టుగుడ్డ అద్ది అచ్చు తీసి దాచుకునే అలవాటుంది, ఆ రాత్రి చెమట కూడా అందులో ఉంటుంది.

నువ్వు ఫ్రీజ్ అంటున్నది మియె. పక్కన ఒకడు చెక్కలు నేలబల్లకేసి టపటపా కొడుతుంటే నటుడు తల గుండ్రంగా తిప్పి, ఒక కన్ను ముక్కు వైపు తిప్పి నిలిచిపోతాడు. సరిగ్గా అప్పుడు మేడ మీది ప్రేక్షకుల్లోంచి ఎవరో ఆ నటుడి ఇంటిపేరు లాంటిది అరుస్తారు, నారితాయా అనో ఒతొవాయా అనో. మన పద్యనాటకంలో రాగం తీసి ఆపగానే వన్స్‌మోర్ పడినట్టు. అరుపు ఒక్క క్షణం ముందొచ్చినా వెనకొచ్చినా చెడుతుంది. హిప్‌హాప్ చేస్తావు కాబట్టి నీకు చెప్పక్కర్లేదు, ఫ్రీజ్ అంటే ఆగడం కాదు, ఊపు మొత్తం ఒకచోట గుంజి పట్టుకోవడం. అక్కడ నీకూ కబుకికీ నిజంగా చుట్టరికం ఉంది. మేకప్ కిట్టు డబ్బులు మిగుల్చుకుని దాని మీద కష్టపడు.

ప్రశ్న: అంతా బాగానే ఉంది, ఆ డాన్సుకి అర్థం ఏమిటి? ఒక్క ముక్కలో చెప్పండి.
– ఆటో నడిపే పాఠకుడు, వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: ఒక మనిషి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది, అన్నా. అంతకుమించి కథ ఉందని కరపత్రంలో కూడా వేయలేదు. నువ్వు రోజూ నడిపే దూరంలో వందో వంతు కూడా ఉండదు, గంటా పది నిమిషాలు పట్టింది.

ప్రశ్న: నాకు 67. నర్సుగా చేసి రిటైరయ్యాను. చిన్నప్పుడు డాన్సు నేర్చుకుంటానంటే మా నాన్న చెయ్యి విరుస్తానన్నాడు. మీరు రాసింది చదివినప్పట్నుంచీ మనసు లాగుతోంది. మోకాళ్ళు అరిగాయి, మెట్లెక్కలేను. ఈ వయసులో ఇదేం పాడుబుద్ధి అని నవ్వొస్తోంది కూడా.
– కనిగిరి పాఠకురాలు

జవాబు: అక్కా, కజువో ఓనో గురించి పైన పేరు మాత్రం చెప్పి వదిలేశాను, మీ కోసమే దాచుకున్నాననుకోండి. ఆయన 1906లో పుట్టాడు. యోకోహామాలో ఒక ఆడపిల్లల బడిలో వ్యాయామం మాష్టారు. 1929లో, కుర్రవాడిగా ఉన్నప్పుడు, టోక్యోలో ఒక స్పానిష్ నాట్యకత్తెని చూశాడు, లా అర్జెంటీనా అని ఆమెకి పేరు. చూసి మర్చిపోలేదు. తర్వాత సైన్యానికి పట్టుకుపోయారు, తొమ్మిదేళ్ళు అందులోనే పోయాయి, న్యూగినీలో ఖైదీగా ఉన్నాడు. ఇంటికొచ్చి మొదటి ఒంటరి ప్రదర్శన ఇచ్చేసరికి నలభై దాటాయి. డెబ్భై దగ్గర పడ్డాక ఒక చిత్రకారుడి బొమ్మ చూస్తుంటే అందులో ఆ నాట్యకత్తె కనిపించిందట, ఎప్పుడో 1929లో చూసిన మనిషి. 1977లో, డెబ్భై ఒకటో ఏట, ఆమెని తలుచుకుంటూ ఒంటరిగా నాట్యం చేశాడు. దర్శకత్వం హిజికాతాది. ముసలి ఆడమనిషి వేషంలో, టోపీ పెట్టుకుని ప్రేక్షకుల మధ్య సీట్లో కూర్చున్నవాడు మెల్లగా లేచి వేదిక ఎక్కాడు. టాంగో పాటలకి కూడా చేశాడు. ఆడవేషమే కానీ ఒన్నగాతా కాదు, భుజాలు దాచుకోలేదు, ఎముకలు దాచుకోలేదు. ముసలి మగవాడి ఒళ్ళు అట్లాగే కనపడుతుంటే దాని మీద పువ్వులు, గౌను. జపాను, స్పెయిను, జర్మనీ అన్నీ ఆ ఒక్క ఒంట్లో ఉన్నాయి, ఎవరూ పాయసం అనలేదు మాష్టారూ, మీరు కూడా వింటున్నారుగా.

తొంభై దాటాక నిలబడలేకపోయాడు. కుర్చీలో కూర్చుని చేతులతో చేశాడు. 2010లో, నూట మూడేళ్ళకి పోయాడు.

మీ చేతులు ముప్పై ఏళ్ళపైన నరాలు వెతికి సూదులు వేసిన చేతులు. పసిపిల్లల్ని పట్టుకున్నవి, కళ్ళు మూసినవి. నాకు లేనివి. చెయ్యి విరుస్తానన్న మీ నాన్నగారు ఇప్పుడు లేరనుకుంటాను. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఒక కుర్చీ వేసుకోండి, పక్కన చేతులుండే కుర్చీ వద్దు, మోచెయ్యి తగులుతుంది. ఫ్యాన్ కట్టేయండి. పాట పెట్టకండి. కుడిచెయ్యి ఒడిలోంచి లేచి ఎడమ మణికట్టు దగ్గరకి వెళ్ళి నాడి పట్టుకోవాలి, అంతే, దానికి పది నిమిషాలు తీసుకోండి. మధ్యలో ఎవరైనా లేచి ఏం చేస్తున్నావంటే బీపీ చూసుకుంటున్నానని చెప్పండి. నాలుగు రోజులు చేశాక నాకు రాయండి, ముఖ్యంగా ఆ చెయ్యి దారిలో ఎక్కడ ఆగిందో రాయండి.